లేపాక్షిని ఎవరి వెంట చూడాలి?

లేపాక్షి వెళ్లి వచ్చినవారిని ఏం చూశారని అడిగితే ఎక్కువ మంది రెండే చెబుతారు: వేలాడే స్తంభం, పెద్ద బసవన్న. స్తంభం కింద కండువా దూర్చి అవతలి నుంచి లాగామని, బసవన్న ముందు ఫొటో దిగామని సంబరంగా చెబుతారు. "మరి పైకప్పు చూశారా?" అంటే ఆలోచనలో పడతారు. విజయనగర కాలపు చిత్రకళలో మనకు మిగిలిన గొప్ప సంపద ఒకటి వారి తల మీదే ఉంది. దాని కిందుగా నడిచి వచ్చేశారు. తప్పు వారిది కాదు. ఆ గుడిలో ఎటు చూడాలో చెప్పే మనిషి దొరకాలి, లేదా ఎటు చూడాలో తెలుసుకుని వెళ్లాలి.

నేను లేపాక్షిని నాలుగు రకాలుగా చూశాను. మొదటిసారి టూరు బస్సులో, రెండోసారి గుడి దగ్గరి గైడు వెంట, మూడోసారి చరిత్ర మీద మక్కువ ఉన్న ఒక బృందంతో, చివరికి ఒంటరిగా. ఈ నాలుగింటిలో మీకు ఏది నప్పుతుందో తేల్చుకోవడానికి పనికొస్తుందని ఇది రాస్తున్నాను. నేను వాడే కొలత ఒక్కటే: గుడిలోంచి బయటికి వచ్చేలోపు ఎన్నిసార్లు తల పైకెత్తాను?

ముందుగా ఊరి సంగతి. లేపాక్షి శ్రీ సత్యసాయి జిల్లాలో, హిందూపురానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో ఉంది. బెంగళూరు నుంచి 120 కిలోమీటర్ల ప్రయాణం. 44వ నంబరు జాతీయ రహదారి మీద వచ్చి కొడికొండ చెక్‌పోస్టు దగ్గర మళ్లాలి. రైల్లో వచ్చేవారు హిందూపురంలో దిగాలి. తాబేటి వీపులా ఉండే రాతిగుట్ట మీద గుడి ఉంది, అందుకే ఆ గుట్టను కూర్మశైలం అంటారు. 1529 నుంచి 1542 వరకు పాలించిన అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు ఈ వీరభద్రాలయాన్ని కట్టించారు. ఇప్పుడు ఇది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. ఇక్కడి గుడి, ఏకశిలా నంది 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాకు ఎక్కాయి.

టూరు బస్సు

దీని గురించి ఎక్కువ చెప్పను. పొద్దున ఎక్కించుకుని, రెండు మూడు చోట్లు తిప్పి, రాత్రికి ఇంటి దగ్గర దింపే ప్రయాణంలో లేపాక్షి ఒక మజిలీ మాత్రమే. నేను వెళ్లిన బస్సులో మాకు గుడికి, బసవన్నకు కలిపి ముప్పావుగంట ఇచ్చారు. అందులో పది నిమిషాలు చెప్పులు విడవడానికి, వేసుకోవడానికి, తప్పిపోయినవారిని వెతకడానికే పోయాయి. వెంట వచ్చిన గైడు పాపం మంచివాడే. నలభై మందిని వెంటేసుకుని గొంతు పోయేలా అరుస్తూ స్తంభం దగ్గర ఒకసారి, నాగలింగం దగ్గర ఒకసారి ఆగాడు. వెనక నిలబడ్డవారికి మాట వినపడలేదు, ముందు నిలబడ్డవారికి చూసే వ్యవధి లేదు. ఆ రోజు నేను తల ఎత్తింది ఒక్కసారే, అది కూడా గాలి ఆడుతుందేమోనని.

అయినా బస్సును తోసిపుచ్చను. సొంత బండి లేని పెద్దవారికి, ఒంటరిగా ప్రయాణం చేయలేనివారికి అదే దారి. అలా వెళ్లేటప్పుడు ఒక పని చేయండి. బస్సు ఆగగానే గుంపు వెంట స్తంభం దగ్గరికి పరుగు తీయకండి. ఎటూ అందరూ అక్కడే ఉంటారు. మీరు నేరుగా నాట్యమండపం మధ్యకు వెళ్లి పైకి చూడండి. ఉన్న ముప్పావుగంటలో ఇరవై నిమిషాలు పైకప్పుకు ఇచ్చినా మీ ప్రయాణం ఫలించినట్టే.

గుడి దగ్గరి గైడు

చాలామందికి నేను చెప్పే సలహా ఇదే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. గుడి ముందు స్థానికులైన గైడ్లు ఉంటారు. తెలుగు, కన్నడం రెండూ అలవోకగా మాట్లాడతారు. బెంగళూరు నుంచి వచ్చేవారు ఎక్కువ కాబట్టి హిందీ, ఇంగ్లీషు వచ్చినవారూ దొరుకుతారు. విదేశాల్లో పెరిగి, తెలుగు అంతంత మాత్రంగా వచ్చిన పిల్లలను తీసుకొచ్చే కుటుంబాలకు ఇది పెద్ద సౌకర్యం.

వీరి బలం కథలు. నాగలింగం దగ్గర నిలబెట్టి చెప్పే కథ వినండి: శిల్పులు భోజనానికి వచ్చేసరికి తల్లి ఇంకా వంట చేస్తూ ఉందట. వంట అయ్యేలోపు ఊరికే కూర్చోవడం ఎందుకని పక్కనున్న బండను ఏడు పడగల నాగుగా, దాని నీడలో లింగంగా చెక్కేశారట. పిల్లలు నోరు తెరుచుకుని వింటారు. పెద్దవారు కూడా ఆ బండను మళ్లీ ఒకసారి చూస్తారు. ఆ రెండోసారి చూపు కోసమే కథ కావాలి. సీతమ్మ పాదమని చెప్పే గుంట, అందులో నిలిచే నీరు, గోడ మీద ఎర్రటి మరకలు రెండు, ప్రతి దానికీ ఒక కథ ఉంది. వీటిని మూఢనమ్మకాలని కొట్టిపారేసేవారంటే నాకు బాధ. నాలుగు వందల ఏళ్లకు పైగా జనం ఈ గుడిని తమదిగా చెప్పుకున్న తీరు అది. అది కూడా చరిత్రే.

కాని కథ ఎక్కడ ఆగుతుందో, ఆధారం ఎక్కడ మొదలవుతుందో తెలిసిన గైడు దొరికితే మీ అదృష్టం. ఊరి పేరునే తీసుకోండి. రావణుడితో పోరాడి పడిపోయిన జటాయువును రాముడు "లే పక్షీ" అన్నాడు కాబట్టి లేపాక్షి అయిందని ఒక కథ. రాజధనాన్ని అనుమతి లేకుండా గుడికి ఖర్చు పెట్టాడని నింద పడితే, విరూపణ్ణ తన కళ్లు తానే పెరికి గోడకేసి కొట్టాడని, "అక్షి" అంటే కన్ను కాబట్టి ఊరికి ఆ పేరు వచ్చిందని ఇంకో కథ. గోడ మీది ఎర్ర మరకలు ఆ కళ్ల గుర్తులేనని చూపిస్తారు. ఒకే పేరుకు పుట్టిన ఈ రెండు కథలూ ఒకేసారి నిజం కాలేవు. మంచి గైడు రెండూ చెప్పి, "ఇవి పెద్దలు చెప్పుకునే కథలండీ" అని మర్యాదగా అంటాడు. కల్యాణమండపం అసంపూర్తిగా ఆగిపోయిందన్నది మాత్రం కళ్లెదుట కనిపించే నిజం. పైకప్పు లేకుండా ఆకాశం కింద నిలబడిన ఆ చెక్కడపు స్తంభాలను చూస్తే, ఆ కథ ఎందుకు పుట్టిందో ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది.

నాకు దొరికినాయన నడివయసు మనిషి. స్తంభం దగ్గర ఎక్కువసేపు ఆగలేదు. కండువా దూర్చి చూపించి, ఒక మూల నేలకు ఆనే ఉంటుందని వంగి చూడమన్నాడు. బ్రిటిష్ కాలంలో ఒక ఇంజనీరు దాన్ని కదిలించబోయిన సంగతి రెండు మాటల్లో చెప్పాడు. తర్వాత నన్ను నాట్యమండపం నడుమకు తీసుకెళ్లి, పైనున్న శతపత్ర కమలం కింద నిలబెట్టి, "ఇప్పుడు నెమ్మదిగా చుట్టూ తిరగండి" అన్నాడు. తిరిగాను. ఒక స్తంభం మీద బ్రహ్మ మద్దెల వాయిస్తున్నాడు. ఇంకో దాని మీద తుంబురుడు వీణ మీటుతున్నాడు. ఒక వైపు నటరాజు, మరో వైపు నాట్యం చేసే రంభ. మూడు కాళ్ల భృంగి కూడా అక్కడే ఉన్నాడు. అప్పటిదాకా విడివిడి బొమ్మలుగా కనిపించినవన్నీ ఒక్క కచేరీ అయిపోయాయి. ఆ కచేరీ నడుమ నేను నిలబడి ఉన్నాను. శిల్పి ఆ మండపాన్ని ఎక్కడ నిలబడి చూడాలని అనుకున్నాడో ఆ చోటును ఒక మనిషి నాకు చూపించాడు. గైడుకు ఇచ్చే డబ్బు ఆ ఒక్క చోటుకే చెల్లిపోయింది అనిపించింది.

అందరూ అలాంటివారు దొరకరు. హడావుడిగా ఇరవై నిమిషాల్లో ముగించి, తర్వాతి కుటుంబాన్ని పట్టుకోవడానికి వెళ్లేవారూ ఉంటారు. ముందే మాట్లాడుకుంటే ఈ చిక్కు చాలావరకు తప్పుతుంది. నేను అడిగే మొదటి ప్రశ్న, "పైకప్పు బొమ్మల కథలు చెబుతారా?" అని. ఆ మాట వినగానే ముఖం వెలిగితే ఆ మనిషి వెంట వెళ్లిపోవచ్చు. "అవన్నీ వెలిసిపోయాయండీ, ఏమీ కనపడవు" అంటే ఇంకొకరిని వెతుక్కోండి. ఎంతసేపు తిప్పుతారు, బసవన్న దగ్గరికి కూడా వస్తారా, మొత్తం ఎంత ఇవ్వాలి అన్నవి గడప దాటకముందే తేల్చుకోండి. పర్యాటక శాఖ ఇచ్చిన గుర్తింపు కార్డు ఉంటే చూపించమని అడగడంలో తప్పు లేదు. అయితే ఎండలో రోజంతా నిలబడి పొట్టపోసుకునే మనుషులు వారు. బేరం మరీ పిండకండి. బాగా చెప్పినవారికి అనుకున్నదాని మీద కొంత కలిపి ఇవ్వండి.

చరిత్ర తెలిసినవారి బృందం

నగరాల్లో వారసత్వ కట్టడాల మీద ఆసక్తి ఉన్నవారు అప్పుడప్పుడు ఒక పండితుడినో, చిత్రకారుడినో, పురావస్తు శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకున్నవారినో వెంట పెట్టుకుని ఇలాంటి యాత్రలు చేస్తారు. ఇది అన్నిటికంటే లోతైన దారి, అన్నిటికంటే కష్టమైన దారి కూడా. మనకు కుదిరిన రోజున వారు వెళ్లరు, వారు వెళ్లే రోజున మనకు సెలవు ఉండదు. పిల్లలు అలిసిపోతారు. ఒక్క చిత్రం ముందు అరగంట నిలబడతారు.

కాని ఆ అరగంటలో తెలిసేది ఇంకెక్కడా తెలియదు. మేము అర్ధమండపంలో వీరభద్రుడి పెద్ద చిత్రం కింద నిలబడ్డాం. సుమారు 23 అడుగుల పొడవు, 13 అడుగుల వెడల్పు ఉంటుందని చెబుతారు. స్వామి పాదాల దగ్గర చేతులు జోడించి నిలబడ్డ విరూపణ్ణ, వీరణ్ణల తలల మీది పొడవాటి కుళ్లాయిలను మాతో వచ్చిన పెద్దాయన చూపించారు. విజయనగర కొలువుకు వెళ్లేవారి వేషం అది. అక్కడి నుంచి ఆయన మా చూపును చీరల మీదికి మళ్లించారు. పైకప్పు మీది స్త్రీల చీరలు ఒకదానిలా ఇంకొకటి ఉండవు. గళ్లు, చారలు, పువ్వులు, అంచులు అన్నీ వేరు వేరు. జుట్టు ముడులూ అంతే. 16వ శతాబ్దంలో మన నేతగాళ్లు ఏం నేశారో, మన ఆడవారు ఎలా సింగారించుకున్నారో చెప్పే పుస్తకం ఏదైనా ఉందంటే అది ఈ కప్పే. తర్వాత లతామండపంలో ఒక్కో స్తంభం మీది తీగల అల్లికను చూపించి, ఇవి ఎన్ని చీర అంచులకు ఎక్కాయో చెప్పారు. మా బృందంలో ఒకావిడ తన చీర కొంగును స్తంభం పక్కన పెట్టి చూసుకున్నారు. అదే అల్లిక.

శాసనాల సంగతీ అంతే. గోడల మీది అక్షరాలను మామూలుగా ఎవరూ పట్టించుకోరు. చదవగలిగినవారు వెంట ఉంటే ఏ గ్రామం దానమిచ్చారో, ఎవరి పుణ్యం కోసం ఇచ్చారో తెలుస్తుంది. లేపాక్షి శాసనాల్లో కన్నడం ఎక్కువ. ఈ నేల మీద రెండు భాషలు ఎంత కలిసి బతికాయో చెప్పడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఇలాంటి బృందంలో చేరే అవకాశం వస్తే వదులుకోకండి. కాని మొదటిసారే దీనితో మొదలుపెట్టమని చెప్పను. గుడిని ఒకసారి మామూలుగా చూసి, ఆ బొమ్మలు మనసులో కొంచెం నాటుకున్నాక వెళితే పెద్దలు చెప్పేది ఎక్కువ ఎక్కుతుంది.

ఒంటరిగా

ఒంటరిగా వెళ్లడంలోని సుఖం నెమ్మది. ఎవరూ తొందర పెట్టరు. ఒకే స్తంభానికి ఆనుకుని గంట కూర్చోవచ్చు. పొద్దున్నే గుడిలో పెద్దగా జనం లేని వేళ పక్కల నుంచి వెలుగు మండపంలోకి పాకుతుంటే రంగులు ఒక్కొక్కటే తేలడం చూడవచ్చు. ముందు నల్లటి గీత కనిపిస్తుంది. తర్వాత ఎర్రటి నేపథ్యం, ఆ పైన పసుపు. కళ్లు పెద్దవి చేసి పక్కకు చూసే ఆ ముఖాలు అప్పుడు మనతో మాట్లాడబోతున్నట్టు ఉంటాయి.

సిద్ధపడకుండా వెళితే మాత్రం చాలా నష్టపోతాం. నా సంగతే చెబుతాను. పైకప్పు మీద ఒక చోట ఒక ఆవు, ఒక రథం, ఒక రాజు వరసగా ఉన్నారు. ఏదో ఊరేగింపు అనుకుని దాటిపోయాను. ఇంటికి వచ్చి చదివితే అది మనునీతి చోళుడి కథ అని తెలిసింది. రాకుమారుడి రథం కింద దూడ పడి చచ్చిపోతే, ఆవు వచ్చి రాజద్వారంలోని న్యాయఘంట లాగిందట. రాజు కన్నకొడుకుకే శిక్ష వేశాడట. విరూపణ్ణ లాంటి రాజోద్యోగి కట్టించిన గుడి కప్పు మీద ఆ కథ గీయించారంటే నాకు ఒళ్లు జలదరించింది. దాని కిందే నిలబడి కూడా చూడలేకపోయినందుకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

కాబట్టి ఒంటరిగా వెళ్లాలనుకుంటే ముందుగా కొన్ని కథలు గుర్తు చేసుకోండి. కిరాతార్జునీయం, పార్వతీ కల్యాణం, ద్రౌపదీ స్వయంవరం, శ్రీరామ పట్టాభిషేకం, వటపత్రశాయి, పాచికలాడే శివపార్వతులు. ఇవన్నీ మన ఇళ్లలో అమ్మమ్మలు చెప్పినవే. కథ తెలిస్తే బొమ్మ దానంతట అదే దొరుకుతుంది. అర్జునుడు, కిరాతుడు, నడుమ పంది కనిపిస్తే ఇంక ఎవరూ చెప్పక్కర్లేదు.

రెండు వస్తువులు వెంట తీసుకెళ్లండి. ఒకటి చిన్న అద్దం. అరచేతిలో అడ్డంగా పెట్టుకుని కిందికి చూస్తే పైకప్పు అందులో కనిపిస్తుంది, మెడ నొప్పి పుట్టదు. రెండోది బైనాక్యులర్సు, ఉంటే. ఫోను కెమెరాలో దగ్గరికి లాగి చూసినా చాలావరకు పని జరుగుతుంది. ఫ్లాష్ మాత్రం వేయకండి. ఐదు వందల ఏళ్ల నాటి రంగులు అవి. కొన్ని చోట్ల గార రాలింది, కొన్ని చోట్ల పొగచూరి మసకబారింది. మిగిలిన దాన్ని మన తర్వాతివారు కూడా చూడాలి. అదే కారణంతో స్తంభాలకు ఆనుకుని కూర్చున్నా, చెక్కడాల మీద చేతులు రుద్దకండి, గీతలు గీయకండి.

మరి మీరు ఏది ఎంచుకోవాలి?

పిల్లలు, పెద్దవారు ఉన్న కుటుంబమైతే గుడి దగ్గరి గైడే మంచిది. కథలు పిల్లల కాళ్లకు బలం ఇస్తాయి, ముసలివారికి కూర్చునే చోటు ఎక్కడ ఉందో గైడుకు తెలుసు. బెంగళూరు నుంచి ఒక్క రోజులో వచ్చి పోయేవారు బస్సు కంటే నలుగురు కలిసి కారు మాట్లాడుకుని, ఇక్కడికి వచ్చాక గైడును పెట్టుకుంటే సమయం మీ చేతిలో ఉంటుంది. హైదరాబాదు నుంచి వచ్చేవారికి దూరం ఎక్కువ. ఒక రోజు అదనంగా కలుపుకుంటే విజయనగర రాజుల మరో ముఖ్య నగరమైన పెనుకొండను కూడా చూడవచ్చు. బొమ్మలు వేసేవారు, నేత పనివారు, నాట్యం నేర్చుకునేవారు చరిత్ర బృందం కోసం ఎదురుచూసినా తప్పు లేదు. వారికి అక్కడ దొరికేది వారి పనికే పెట్టుబడి.

నన్నే అడిగితే రెండిటిని కలుపుతాను. గుడి లోపలికి వెళ్లి మొదటి అరగంట ఎవరినీ పిలవను. ఊరికే తిరుగుతాను. అప్పుడు ప్రశ్నలు పుడతాయి: ఈ మనిషికి మూడు కాళ్లు ఎందుకు, ఆ రాజు తల మీద అంత పొడుగు టోపీ ఏమిటి, ఈ మండపానికి కప్పు ఎందుకు లేదు. తర్వాత బయటికి వచ్చి గైడును వెంటబెట్టుకుని గంటసేపు తిరుగుతాను. ప్రశ్నలతో వచ్చిన మనిషి దొరికితే గైడు కూడా ఉత్సాహంగా చెబుతాడు, రోజూ చెప్పే వరస పక్కన పెట్టి కొత్త చోట్లకు తీసుకెళ్తాడు. ఆయన వెళ్లిపోయాక మళ్లీ ఒంటరిగా అర్ధమండపంలోకి, వీరభద్రుడి కిందికి వెళ్తాను. అర్చన జరుగుతుంటే పక్కకు తప్పుకుని ఆగుతాను. ఇది నేటికీ పూజ జరిగే గుడి. చూడటానికి వచ్చినవారి కంటే మొక్కడానికి వచ్చినవారికి ముందు చోటు ఇవ్వాలి.

వేళ సంగతి మరిచిపోకండి. చెప్పులు బయట విడవాలి. అనంతపురం సీమ ఎండలో, ముఖ్యంగా ఏప్రిల్, మే నెలల్లో, మధ్యాహ్నానికి ఆవరణలోని బండలు పెనంలా కాలుతాయి. పొద్దున్నే రండి, వీలుకాకపోతే ఎండ వాలాక రండి. మేజోళ్లు ఒక జత సంచిలో ఉంచుకుంటే పిల్లల పాదాలకు రక్ష. శివరాత్రికి జనం విరగబడతారు. ఆ రోజు దర్శనానికి వెళ్లండి, బొమ్మలు చూడటానికి మాత్రం మరో రోజు పెట్టుకోండి. శని, ఆదివారాల కంటే వారం మధ్యలో గుడి నెమ్మదిగా ఉంటుంది.

బసవన్నను చివరికి ఉంచుకోండి. గుడికి సుమారు 200 మీటర్ల దూరంలో, రోడ్డు పక్కన, ఒకే బండలో చెక్కిన 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు నంది అది. చాలామంది వచ్చేటప్పుడే ఆగి చూసేస్తారు. అలా కాకుండా ముందు గుడిలో నాగలింగం చూసి, దాని ఎదుట కాసేపు నిలబడి, తర్వాత నడిచి బసవన్న దగ్గరికి రండి. మెడలోని గంటలు, హారాలు, ఎత్తిన మూపురం చూశాక ఆయన వెనక నిలబడి ఆయన చూస్తున్న వైపే చూడండి. ఆ చూపు నాగలింగం వైపు ఉంటుంది.